రిలీవర్ వచ్చేదాకా

ఒక చిన్న గులాబీ రంగు మాత్రకు భయపడినంతగా నేను ఈ జన్మలో మరి దేనికీ భయపడలేదు. తుఫాను గాలికి పక్కింటి రేకులు ఎగిరి మా డాబా మీద పడుతుంటే వంటింట్లో కూర్చుని పకోడీలు వేసినదాన్ని. కంపెనీలో సైరన్ మోగి అందరూ పరుగెత్తుతుంటే చెప్పులు వెతుక్కుని, సీసాలో నీళ్ళు పట్టుకుని మరీ బయటికి వచ్చినదాన్ని. అలాంటిదాన్ని, శనగగింజంత కూడా లేని మాత్రను చూసి వణికిపోయాను.

ఆ మాత్ర మావయ్యది. మావయ్య అంటే మా అమ్మకు సొంత అన్న, నా మొగుడికి తండ్రి. మాది మేనరికం. అందుకే పెళ్ళయ్యాక కూడా నాకు ఆ ఇంట్లో పిలుపులేవీ మారలేదు. ఆయన మావయ్య, ఈయన బావ. అత్త బతికున్నన్నాళ్ళూ మావయ్య మంచీ చెడూ తనే చూసుకుంది. అత్త పోయిన తర్వాతి ఏడాదే మావయ్య గుండెలో ఒక వాల్వు పాడైందని తేలింది. ఛాతీ కోసి, పాతది తీసి, లోహంతో చేసినది పెట్టారు. ఫ్యాను ఆగి ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఆయన పక్కన కూర్చుంటే అది వినిపిస్తుంది, గోడ గడియారంలా టిక్కు టిక్కుమని. మొదట్లో ఆ చప్పుడు వింటే నాకు ఒళ్ళు జలదరించేది. తర్వాత్తర్వాత అది వినపడకపోతే జలదరించేది.

ఇంటికి పంపే రోజున డాక్టరుగారు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు. ఈ లోహం మీద రక్తం గడ్డ కట్టకుండా ఉండాలంటే జీవితాంతం రక్తాన్ని పలుచన చేసే మాత్ర వేసుకోవాలి. రోజూ సాయంత్రం, ఒకే వేళకి, ఒకటే. తగ్గితే గడ్డ కట్టి మెదడుకు పోవచ్చు. ఎక్కువైతే లోపల ఎక్కడో ఒకచోట రక్తం కారడం మొదలవ్వచ్చు. అప్పుడప్పుడూ రక్తపరీక్ష చేయించుకుని, పలుచన సరిగ్గా ఉందో లేదో చూపించుకోవాలి. అన్నిటికీ నేనూ బావా బుద్ధిమంతుల్లా తలలూపాం. మావయ్య మాత్రం డాక్టరుగారి బల్ల మీద ఉన్న ప్లాస్టిక్ గుండె బొమ్మను చేతిలోకి తీసుకుని, అందులోని వాల్వు తలుపు ఏ పక్కకి తెరుచుకుంటుందో చూస్తున్నాడు. ముప్పై ఏళ్ళు యంత్రాలతో బతికిన మనిషి ఆయన.

మా ఇల్లు కూర్మన్నపాలెంలో. డాబా మీద తెల్ల చీర ఆరేస్తే సాయంత్రానికి బూడిదరంగు చీర తీసుకోవలసిన వీధి మాది. మావయ్య స్టీల్ ప్లాంటులో కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. బొగ్గును గాలి తగలకుండా కాల్చి, ఇనుము కరిగించడానికి వాడే కోక్ తీసే పొయ్యిలు అవి. వరసగా కట్టిన పొయ్యిలన్నిటినీ కలిపి బ్యాటరీ అంటారు. చిన్నప్పుడు నేను వాళ్ళింటికి సెలవులకు వచ్చినప్పుడు మావయ్య నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పే కథలన్నీ ఆ బ్యాటరీవే. ఒకసారి రాజేశాక దాన్ని ఎప్పటికీ చల్లారనివ్వకూడదట. చల్లారితే లోపలి ఇటుకలు పగిలి మొత్తం పోతుందట. పండగైనా, చావైనా, దాని పక్కన మనిషి ఉండి తీరాలట. మిగతా పిల్లలకు రాక్షసుల కథలు చెబుతుంటే నాకు ఇటుకల కథ చెప్పేవాడు. నేను అదే నోరు తెరుచుకుని వినేదాన్ని.

మందులు ఇంటికి వచ్చాక ఏడు రోజులకు ఏడు గదులున్న ప్లాస్టిక్ పెట్టె కొన్నాను. ఒక్కో రోజుకీ పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం అని మూడు అరలు. ఆదివారం నేను కూర్చుని వారానికి సరిపడా సర్దేదాన్ని. నేను అచ్యుతాపురంలో ఒక కంపెనీ ఆఫీసులో పనిచేస్తాను. పొద్దున్నే కంపెనీ బస్సెక్కితే దీపాలు పెట్టే వేళకి దిగుతాను. బావ పోర్టులో క్రేన్ ఆపరేటరు. వారానికో షిఫ్టు. ఇంట్లో ఎప్పుడు ఎవరు ఉంటామో గోడకున్న క్యాలెండరు చూస్తే తప్ప మాకే తెలియదు. కాబట్టి పెట్టె ఉంది, మావయ్యకు కళ్ళున్నాయి, బుర్ర పాదరసంలా పనిచేస్తుంది, ఇంకేం కావాలి అనుకున్నాం.

ఆ పెట్టెను చూడగానే మావయ్య ముచ్చటపడిపోయాడు. "ఒసే అమ్మా, ఇది డ్యూటీ చార్టే కదే," అన్నాడు. ప్లాంటులో రోజుకి ఏ, బీ, సీ అని మూడు షిఫ్టులు. పొద్దుటి మాత్రలకు 'ఏ' షిఫ్టోళ్ళు అని పేరు పెట్టాడు. మధ్యాహ్నానివి బీ షిఫ్టు. సాయంత్రం గులాబీ మాత్ర ఒక్కటే కాబట్టి అది సీ షిఫ్టులో ఒంటరిగా డ్యూటీ చేసేవాడు. "సీ షిఫ్టోడు పాపం ఒక్కడే, ఆడికి తోడు ఎవుడూ నేడు," అని జాలిపడేవాడు. మేమూ నవ్వాం. నవ్వడమే కాదు, మేమూ అలాగే పిలవడం మొదలుపెట్టాం. బస్సులోంచి ఫోన్ చేసి "మావయ్యా, బీ షిఫ్టు ఎక్కిందా?" అంటే "ఎక్కీసిందమ్మా, నువ్వు డ్యూటీ సేసుకో," అనేవాడు. మందులంటే మొహం చిట్లించే ముసలివాళ్ళను ఎంతమందిని చూడలేదూ. మా ఇంట్లో మందులు సరదాగా సాగిపోతున్నాయని వీధిలో గొప్పలు కూడా చెప్పుకున్నాను.

మొదటి రెండు రక్తపరీక్షలు బాగానే వచ్చాయి. మూడోసారి పలుచన తక్కువగా ఉందన్నారు. డాక్టరుగారు కళ్ళజోడు పైనుంచి చూస్తూ, "మాత్ర ఎప్పుడైనా మానేశారా?" అని అడిగారు. "లేదండీ," అన్నాను. ఆదివారం ఆదివారం పెట్టె తెరిస్తే అన్ని అరలూ ఖాళీగా ఉన్నాయి కదా. ఖాళీ పెట్టె కంటే సాక్ష్యం ఏం కావాలి? ఆయన మోతాదు కొంచెం పెంచారు. మేం కొత్త మాత్రలు తెచ్చుకుని ఇంటికొచ్చాం.

ఆ తర్వాత ఒకరోజు మావయ్య చొక్కా విప్పుతుంటే మోచేతి కింద కమిలిన మచ్చ కనిపించింది. వంకాయ రంగు. అరచెయ్యంత ఉంది.

"ఇదేటి మావయ్యా, ఎక్కడ పడ్డావు?"

"పడలేదు. గేటుకి తగిలిందేమో."

గేటుకి తగిలితే అంత మచ్చా? నాకు భయం వేస్తే ఏడుపు రాదు, కోపం వస్తుంది. అది మా అమ్మ నుంచి వచ్చిన గుణం. "గేటుకి తగిలితే గేటు కమిలిపోవాలి గాని నువ్వు కమిలిపోతావేటి," అని కసిరి, కొబ్బరినూనె తెచ్చి రాయబోయి, రాస్తే ఏమవుతుందోనని మళ్ళీ భయపడి సీసా మూత పెట్టేశాను. బావతో చెబితే, "మంగళారం టెస్టుంది కదా, సూపిద్దాం," అన్నాడు.

వ్యవహారం మంగళవారం దాకా ఆగలేదు. ఆదివారం పొద్దున్న నేను దోసెల పిండి కలుపుతున్నాను. మావయ్య పళ్ళు తోముకుంటున్నాడు. నీళ్ళ చప్పుడు ఎంతకీ ఆగడం లేదు. ఏమిటా అని వెళ్ళి చూస్తే సింకు నిండా ఎరుపు. ముక్కులోంచి ఒక ధార, చిగుళ్ళలోంచి ఇంకోటి. మావయ్య అద్దంలో తన మొహం చూసుకుంటూ, కుళాయి తిప్పి, శ్రద్ధగా సింకు కడుగుతున్నాడు. కడిగినకొద్దీ మళ్ళీ ఎర్రబడుతోంది.

"ఆగట్లేదమ్మా," అన్నాడు, కుళాయి పాడైందని చెబుతున్నట్టు.

పిండి చేతులతోనే ఆయన ముక్కు పట్టుకున్నాను. బావను కేకేస్తే ఆటో పిలుచుకొచ్చాడు. ఆటోలో గాజువాక దాటుతుంటే తువ్వాలు మొత్తం తడిసిపోయింది. నాకు మావయ్య ఛాతీలోంచి ఆ టిక్కు టిక్కు వినపడుతోందా లేదా అన్నదే ధ్యాస. ఆటో రొదలో ఏమీ వినపడలేదు. చెవి ఆనించి వినబోతే, "ఏటే ఆ పని, ఆటోవోడు సూత్తాడు," అని ముక్కు మూసుకునే కసిరాడు. కసిరాడు కాబట్టి బతికే ఉన్నాడని అనుకున్నాను.

ఆసుపత్రిలో రక్తం తీశారు, ఇంజెక్షన్ ఇచ్చారు, ముక్కులో దూది కుక్కారు. రిపోర్టు చూసిన డాక్టరుగారి మొహం మారింది. రక్తం నీళ్ళలా అయిపోయిందనీ, ఇది ముక్కు ద్వారా బయటపడింది కాబట్టి సరిపోయింది గాని తలలో అయితే మన చేతుల్లో ఉండేది కాదనీ అన్నారు. "రోజుకి ఎన్ని వేసుకుంటున్నారు?" అని మావయ్యనే సూటిగా అడిగారు.

"ఒకటే సార్. రోజూ ఒకటే," అన్నాడు మావయ్య. దూది వల్ల గొంతు ముక్కుతో మాట్లాడుతున్నట్టుంది. "రిలీవర్ రాపోతే రెండు."

డాక్టరుగారికి అర్థం కాలేదు. నర్సుకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

ప్లాంటులో షిఫ్టు అయిపోయినా, మన చోటికి రావలసిన మనిషి వచ్చేదాకా మనం కదలకూడదు. ఆ వచ్చేవాడు రిలీవర్. వాడు రాకపోతే మనమే ఆ షిఫ్టు కూడా చెయ్యాలి. దాన్ని డబుల్ డ్యూటీ అంటారు. బ్యాటరీ దగ్గర ఖాళీ అనేది ఉండకూడదు. మావయ్య సాయంత్రాల్లో ప్లాంటు గేటు దగ్గర టీ బడ్డీకి పోయి, తనలాగే రిటైరైన నలుగురితో కూర్చుంటాడు. కబుర్లలో పొద్దుపోయిన రోజు ఇంటికి వచ్చి, అన్నం తిని, మాత్ర సంగతి మరిచిపోయి పడుకుంటాడు. మర్నాడు పెట్టె తెరిస్తే నిన్నటి సీ షిఫ్టోడు అరలోనే ఉంటాడు. డ్యూటీకి రాలేదన్నమాట. అప్పుడు నిన్నటిదీ ఇవాళ్టిదీ కలిపి వేసుకోవడమే ధర్మం. ఆదివారానికల్లా పెట్టె ఖాళీ.

మరిచిపోయిన మర్నాడు పరీక్షకు వెళ్ళాం కాబట్టి పలుచన తక్కువ వచ్చింది. తక్కువ వచ్చిందని డాక్టరుగారు మోతాదు పెంచారు. పెంచిన మోతాదును మావయ్య డబుల్ కొట్టాడు. అంతా ఒకదాని వెనక ఒకటి అంత పద్ధతిగా నడిచింది. ఆయన ఏదీ దాచలేదు. దాచవలసిన పని చేస్తున్నానని ఆయనకు తోచనేలేదు.

"మిస్సయిన మాత్ర మిస్సయినట్టే," అన్నారు డాక్టరుగారు నిదానంగా. "అదే రోజు గుర్తొస్తే వేసుకోండి. మర్నాడు గుర్తొస్తే వదిలేయండి. ఎప్పటిలాగే ఒకటే. రెండు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు."

మావయ్య తలూపాడు. ఆ తలూపడం నాకు తెలుసు. ప్లాంటు గురించి ఏమీ తెలియని పెద్ద ఆఫీసరు వచ్చి సలహా చెప్పినప్పుడు ఊపే రకం.

ఇంటికి వచ్చాక చూస్తే ఆ సలహా నిజంగానే ఆయన చెవికెక్కలేదు. కొన్ని రోజులు ఆ మాత్ర ఆపమన్నారు. తర్వాత తక్కువ మోతాదులో మొదలుపెట్టాం. బావ తండ్రిని కూర్చోబెట్టి చెప్పాడు. మొదట మెల్లగా, తర్వాత గట్టిగా.

"మరి మద్దెలో ఖాళీ ఉండిపోద్ది కదరా," అన్నాడు మావయ్య.

"ఉంటే ఉండనీ నాన్నా."

"ఉంటే ఉండనీ అంతావేటి? సల్లారిపోతే?"

"అది బ్యాటరీ కాదు నాన్నా, నీ ఒళ్ళు."

"ఒళ్ళు మాత్రం ఏటి, రాజుకుంటేనే కదరా ఉండీది."

బావ చేతులెత్తేసి డ్యూటీకి పోయాడు. నేను ఇంకో పని చేశాను. గులాబీ మాత్రల అట్ట మొత్తం తీసి నా హ్యాండుబ్యాగులో వేసుకున్నాను, రోజుకొకటి నేనే తీసి ఇవ్వడానికి. వీధి చివర మందుల షాపుకి వెళ్ళి, మావయ్య వచ్చి అడిగితే ఆ మాత్ర ఇవ్వొద్దని చెప్పాను. ఆయన చొక్కా జేబులు, పాత టిఫిన్ క్యారేజీ, డ్యూటీ బూట్లు దాచుకున్న పెట్టె, అన్నీ వెతికాను. నేను వెతుకుతుంటే మావయ్య గుమ్మంలో నిలబడి చూశాడు. ఆ రాత్రి అన్నం పెడితే కంచం ముందు కూర్చుని, "గేటు దగ్గర సెకింగు సేసినట్టు సేసినావు," అని మాత్రం అన్నాడు. రెండు ముద్దలు తిని లేచిపోయాడు.

నాకు బాధ కలగలేదంటే అబద్ధం. కాని బాధ కన్నా భయం పెద్దది. ఆఫీసులో నా ఫోన్ మోగితే చాలు, సింకు కళ్ళ ముందుకు వచ్చేది. మోగకపోయినా వచ్చేది. తెల్ల గోడ మీద ఎర్ర పెన్ను గీత కనిపిస్తే గుండె జారిపోయేది. మావయ్య పగలు కునుకు తీస్తుంటే మోకాళ్ళ మీద కూర్చుని, ఫ్యాను ఆపి, టిక్కు టిక్కు వినేదాన్ని. చెమట పట్టి ఆయనకు మెలకువ వచ్చేది. "ఫేను ఎవుడాపేడు?" అనేవాడు. "కరెంటు పోయింది మావయ్యా," అనేదాన్ని. పక్క గదిలో టీవీ మోగుతూనే ఉండేది.

ఒక ఆదివారం డాబా మీద బట్టలు తీస్తున్నాను. దుప్పటి దులిపితే నల్లటి పొడి రాలింది. మావయ్య పిట్టగోడ మీద చెయ్యి ఆనించుకుని ప్లాంటు వైపు చూస్తున్నాడు. మా ఇద్దరి మధ్య సరైన మాటలు లేక చాలా రోజులైంది. నాకు కోపం పొంగుకొచ్చింది.

"మావయ్యా, నువ్వు డబుల్ కొట్టిన రోజు ఇంటికొచ్చి ఏం సేసీవోడివి?" అన్నాను.

"ఏం సేత్తాను. తొంగుండీవోడిని."

"ఇంటికే వొచ్చీవోడివా?"

ఆయన మీసం కొంచెం కదిలింది. మా కుటుంబంలో అందరికీ తెలిసిన సంగతి అది. ఒకసారి డబుల్ కొట్టి, బయటి పనేదో ఉండి సిటీకి పోయి, తిరిగి ఇంటికని బస్సెక్కి నిద్రపోయాడు. ఎక్కిన బస్సే తప్పు. కండక్టరు లేపితే సిటీకి అవతలి వైపున్న భీమిలి. ఎదురుగా సముద్రం, చేపలు ఆరబెట్టిన వాసన. ప్లాంటు వాళ్ళు అప్పటికప్పుడు తనను సముద్రం డ్యూటీకి మార్చేశారనుకున్నానని ఎన్నిసార్లు చెప్పి నవ్వించాడో.

"అలగ నిద్దర్లో ఉన్నోడి సేతికి బ్యాటరీ అప్పసెప్తావా?" అన్నాను.

మావయ్య పిట్టగోడ మీది నల్లపొడిని వేలితో గీశాడు. "అప్పసెప్పను," అన్నాడు చివరికి. "కాని ఖాళీ ఉంచకూడదమ్మా. రిలీవర్ ఒచ్చి, ఎదురుగ్గా నిలబడి, ఎల్లు అనాల. అన్నాకే సీటు ఒదలాల. అదీ పద్దతి."

"అయితే సాయంత్రం సీటుకి నాను రిలీవర్ని. నాను ఒచ్చి, ఎదురుగ్గా నిలబడి, ఎల్లు అన్నాకే మాత్ర. అప్పటిదాకా సీటు ఒదలకు. నాను సెప్పకుండా ఒకటి నేదు, రెండు నేదు."

"ఫోన్లో సెప్తే?"

"ఫోన్లో రిలీవ్ సేత్తారేటి మీ ప్లాంటులో?"

"సెయ్యరు," అన్నాడు. ఆయన మొహంలో చాలా రోజుల తర్వాత వెలుగు కనిపించింది. నాకైతే ప్రాణం లేచొచ్చింది.

అలా కుదిరింది. ఎప్పటిలాగే పొద్దుటి మాత్రలు, మధ్యాహ్నం మాత్రలు పెట్టెలో ఉండేవి. గులాబీది మాత్రం సాయంత్రం అరలో ఒక్కటే, ఆ రోజుది, పొద్దున్న నేను వెళ్తూ పెట్టేదాన్ని. టీ బడ్డీ నుంచి మావయ్య పెందరాళే వచ్చేసేవాడు. నేను బస్సు దిగి గేటు తీసేసరికి హాల్లో కుర్చీలో నిటారుగా కూర్చుని ఉండేవాడు. చేతిలో మాత్ర, పక్కన నీళ్ళ గ్లాసు. నేను చెప్పులు కూడా విప్పకుండా ఎదురుగా నిలబడి "ఎల్లు మావయ్యా" అనేదాన్ని. ఆయన మాత్ర వేసుకుని, లేచి, కుర్చీని ఒకసారి చూసుకుని వెళ్ళేవాడు. రక్తపరీక్షలు సరిగ్గా వచ్చాయి. చేతి మీద మచ్చ పసుపురంగుకి తిరిగి మాయమైంది. డాక్టరుగారు నన్ను మెచ్చుకున్నారు. నేను రాత్రుళ్ళు నిద్రపోవడం మొదలుపెట్టాను.

తర్వాత వాన వచ్చిన ఆ సాయంత్రం. మధ్యాహ్నం నుంచి కురుస్తూనే ఉంది. లంకెలపాలెం దగ్గర పెద్ద లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా తిరిగిపోయింది. ముందూ వెనకా బండ్లు నిలిచిపోయాయి. మా కంపెనీ బస్సు వాటి మధ్యలో ఇరుక్కుంది. మొదట నాకేమీ అనిపించలేదు. పక్క సీటామెతో కూరల ధరల గురించి మాట్లాడుతున్నాను. దీపాలు పెట్టే వేళ దాటింది.

ఇంటికి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. బావకు చేస్తే స్విచాఫ్. క్రేన్ ఎక్కేటప్పుడు ఫోన్ ఆపి కింద పెట్టి పోవాలి, అది వాళ్ళ రూలు. మావయ్య నా కోసం వీధిలోకి వచ్చి వానలో జారిపడ్డాడా? పడితే చిన్న దెబ్బ చాలు, లోపల రక్తం ఆగదు. లేక మాత్ర వేసేసుకుని, వేసుకున్నది మరిచిపోయి ఇంకోటి కోసం వెతుకుతున్నాడా? ఇంకోటి ఇంట్లో లేదు, అట్ట నా బ్యాగులో ఉంది. ఉందా? బ్యాగు తెరిచి చూశాను. ఉంది. పావుగంట పోయాక మళ్ళీ తెరిచి చూశాను. మూడోసారి ఇంటికి ఫోన్ చేస్తే అసలు మోగనే లేదు. బస్సు దిగి నడుద్దామని లేచాను. "ఈ వానలో ఎక్కడికమ్మా, కూకో," అన్నాడు డ్రైవరు. కూర్చోలేక కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. ఆ నిలబడిన సేపూ నాకు గుర్తొచ్చింది సింకు ఒక్కటే.

బస్సు కదిలి, నేను కూర్మన్నపాలెంలో దిగేసరికి వీధి మొత్తం చీకటి. కరెంటు లేదు. నీళ్ళలో చెప్పులు ఊడిపోతే వదిలేసి పరుగెత్తాను. గేటు వేసే ఉంది. తలుపు దగ్గరికి వేసి ఉంది. తోసి లోపలికి అడుగుపెట్టాను. ఏమీ కనిపించలేదు.

"మావయ్యా," అన్నాను.

ఫ్యాన్లు లేవు, టీవీ లేదు. ఆ నిశ్శబ్దంలో ముందు నాకు టిక్కు టిక్కు వినిపించింది. అది వినపడ్డాకే ఊపిరి తీసుకున్నాను. ఫోన్ లైటు వేశాను. కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. కుడి చెయ్యి మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు. లైటుకి కళ్ళు చికిలించాడు.

"ఒచ్చినావా," అన్నాడు.

"ఫోన్ ఎందుకు ఎత్తలేదు మావయ్యా? ఎన్నిసార్లు సేసినాను?"

"ఫోను గదిలో ఉంది. మోగింది. సీటు ఒదిలి ఎలగెల్తాను?"

నేల మీద లైటు పడితే అప్పుడు చూశాను. కుర్చీ కింద తడి. పంచె తడి. ఆ మనిషి బాత్రూంకి కూడా లేవలేదు. నేను చూశానని తెలిసి మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ మొహం తిప్పుకోవడం నేను భరించలేకపోయాను. మోకాళ్ళ మీద కూర్చుని ఆయన గుప్పిట తెరిచాను. వేళ్ళు ఒక్కొక్కటే విప్పవలసి వచ్చింది. మాత్ర లేదు. అరచేతి గీతల నిండా గులాబీ రంగు ముద్ద అంటుకుని ఉంది. చెమటకు కరిగిపోయింది.

మళ్ళీ అదే భయం. "నోట్లో ఏసుకున్నావా? నిజం సెప్పు. కొంచెమైనా నాకినావా?"

"నువ్వు సెప్పందే ఎలగేసుకుంతాను," అన్నాడు, నేను తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు.

ఆయన చెయ్యి నా చీర కొంగుతో తుడిచాను. బ్యాగులోంచి అట్ట తీసి, ఒక మాత్ర నొక్కి, ఆ అరచేతిలో పెట్టాను. నీళ్ళ గ్లాసు అందించాను. మాత్ర వేసుకోలేదు. నా మొహం వైపు చూస్తూ ఆగాడు. నేను చెప్పవలసింది ఇంకా చెప్పలేదని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

లేచి ఎదురుగా నిలబడ్డాను. ఒంటి మీద నీళ్ళు కారుతున్నాయి. రెండు వేసుకోకుండా ఉండడం నేర్పాననుకున్నాను. నేను రాకపోతే ఒకటి కూడా వేసుకోకుండా ఉండడం కూడా నేనే నేర్పాను. బస్సు ఇంకా అక్కడే ఆగి ఉంటే, ఆ లారీ అడ్డం తిరిగింది మా బస్సు మీదికే అయితే, ఈ మనిషి తెల్లారేదాకా ఇక్కడే కూర్చుని ఉండేవాడు.

"ఎల్లు మావయ్యా," అన్నాను.

మాత్ర వేసుకుని నీళ్ళు తాగాడు. కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయాడు, కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేకపోయాడు. నేను నడుం పట్టుకుని లేపాను. నా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాక, తడిసిన నా బట్టలూ చెప్పుల్లేని కాళ్ళూ అప్పుడు చూసినట్టున్నాడు.

"పొద్దుట్నించీ డ్యూటీలోనే ఉన్నావు కదే," అన్నాడు. "నీకు రిలీవర్ ఎవులమ్మా?"

ఫోన్ లైటు ముందుకు పట్టుకుని, ఆయన్ని మెల్లగా బాత్రూం వైపు నడిపించాను.